జీఆర్‌బీఎల్ బోర్డుకు ప్రోగ్రాం రాసేముందు

చిరంజీవి కిరణ్‌కి,

ఆశీస్సులు. మూడు యాక్సిస్‌ల (ఎక్స్, వై, జెడ్) చిన్న రూటరు, అదే కోత మిషను, బిగించావనీ, ఆర్డుయినో ఊనో బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 (మోటార్లను నడిపే ప్రోగ్రాం) ఎక్కించి పైథాన్‌తో నడపాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. పైథాన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి బుర్రలో పెట్టుకో: ఆ బోర్డుకు కళ్లు లేవు. ఇన్ని పల్సులు పంపాను కాబట్టి మోటారు ఫలానా చోట ఉండాలి అని లెక్కేసుకుంటుందంతే. మోటారు స్టెప్పులు తప్పినా, కప్లింగు వదులైనా దానికి తెలియదు. నువ్విచ్చిన అంకె తప్పయితే దర్జాగా తప్పు చోటికే వెళ్తుంది.

అందుకని డ్రైవరు కరెంటుతో మొదలుపెట్టు. మోటారుకు కరెంటిచ్చే ఏ4988 డ్రైవరు మీద చిన్న స్క్రూ తిప్పుతూ, దానికీ గ్రౌండుకీ మధ్య మల్టీమీటరుతో వీరెఫ్ (కరెంటు హద్దును నిర్ణయించే వోల్టేజి) చూడాలి. సెన్స్ రెసిస్టరు మీద ఆర్100 అని ఉంటే ఆంపియరుకు 0.8 వోల్టు, ఆర్050 అని ఉంటే 0.4 వోల్టు. రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని లెక్క ఇంకోదానికి పెడితే మోటారుకు సగం కరెంటో, రెట్టింపు కరెంటో పోతుంది. పవరుండగా మోటారు వైరు పీకావా, డ్రైవరు మీద ఆశ వదులుకోవడమే.

ఇక స్టెప్పుల లెక్క. మామూలు మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. ఏ4988 కింద మూడు జంపర్లూ పెడితే పదహారో వంతు మైక్రోస్టెప్, అంటే చుట్టుకు 3200. యాక్సిస్‌ను కదిపే టీ8 స్క్రూలో పళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు, కానీ అందులో సాధారణంగా నాలుగు మరలు కలిసి ఉంటాయి. చుట్టుకు నట్టు 8 మిల్లీమీటర్లు కదులుతుంది. 3200ని 8తో భాగిస్తే 400. జీఆర్‌బీఎల్ సెట్టింగులకు $ అంకెలే పేర్లు; మిల్లీమీటరుకు ఎన్ని స్టెప్పులో చెప్పే $100, $101, $102లలో (ఎక్స్, వై, జెడ్) పెట్టాల్సింది అదే. రెండుతో భాగించి 1600 పెట్టినవాడికి 100 మిల్లీమీటర్లు చెబితే 400 వెళ్లి ఫ్రేముకు గుద్దుకుంటుంది. డీఆర్‌వీ8825కి మారితే అవే మూడు జంపర్లు ముప్ఫై రెండో వంతు ఇస్తాయి, అంకె మార్చకపోతే సగం దూరమే కదులుతుంది. ఆ డ్రైవరులో స్క్రూ రెండో వైపు ఉంటుంది. స్క్రూ చూసి గుచ్చొద్దు, షీల్డు (ఆర్డుయినో మీద కూర్చుని డ్రైవర్లను పట్టుకునే బోర్డు) మీద ఈఎన్ పిన్ను చూసి గుచ్చు.

100 చెబితే 99.7 వచ్చిందని 400ని మార్చబోకు. స్క్రూ మిషనులో లెక్క సరైతే అంకె సరే. ఆ తేడా నట్టు వదులుదో, నీ స్కేలుదో అయి ఉంటుంది. ఒకే దిక్కు నుంచి వచ్చి రెండుసార్లు కొలువు. తేడా నట్టు వదులుదైతే ఇలా కొలిచినప్పుడు పోతుంది.

స్పీడు $110లో మొదట 500 దగ్గరే ఉంచు, యాక్సిలరేషన్ $120లో 10. తర్వాత స్పీడు కొద్దికొద్దిగా పెంచుతూ విను. మోటారు గుర్రుమని వణికి ఆగిన చోట అంకె చూసి, అందులో ఐదో వంతు తగ్గించి అక్కడ ఆపెయ్. యాక్సిలరేషన్‌కూ అంతే. $1ని 255 చెయ్, లేకపోతే కదలిక ఆగగానే మోటార్లకు పట్టు పోయి, స్పిండిల్ (కట్టరును తిప్పే మోటారు) బరువుకు జెడ్ కిందికి జారవచ్చు. ఏదైనా యాక్సిస్ వెనక్కి వెళ్తుంటే వైర్లు మార్చక్కర్లేదు, $3లో ఎక్స్‌కు 1, వైకి 2, జెడ్‌కు 4 కలుపు.

లిమిట్ స్విచ్‌ల (యాక్సిస్ చివరికి వస్తే తగిలే స్విచ్‌లు) దగ్గరే అందరికీ బుర్ర తిరుగుతుంది. నీ షీల్డు వీ3 అయితే జెడ్ స్విచ్‌ను జెడ్ అని రాసిన చోట కాదు, స్పిండిల్ ఎనేబుల్ అని ఉన్న పిన్నుకు కలపాలి. 0.9 వెర్షను నుంచి 11, 12 పిన్నులు తారుమారయ్యాయి, షీల్డు మీది అచ్చు మాత్రం పాతదే. స్విచ్‌లు ఎన్‌సీ రకంగా (మామూలుగా కలిసి ఉండి, తగిలితే విడిపోయేలా) కలిపి $5ని 1 చెయ్. హార్డ్ లిమిట్ $21 ఆన్‌లో ఉంటే వైరు తెగినా మిషను ఆగుతుంది. స్పిండిల్ ఆన్ చేయగానే అలారం 1 (లిమిట్ స్విచ్ తగిలిందన్న హెచ్చరిక) వస్తోందంటే అది స్పిండిల్ మోటారు నాయిస్. షీల్డెడ్ కేబుల్ వేసి, పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. రెండూ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. హోమింగ్‌లో (స్విచ్‌ల దాకా వెళ్లి మొదలు చోటు కనుక్కోవడంలో) అలారం 8 వస్తే, వెనక్కి వచ్చినా స్విచ్ వదల్లేదని అర్థం, వెనక్కి వచ్చే దూరం $27 పెంచు. అలారం 9 అయితే స్విచ్ అసలు తగల్లేదు, $23లో దిక్కు చూడు. సాఫ్ట్ లిమిట్ $20 (హద్దు దాటే ఆజ్ఞను ప్రోగ్రామే ఆపడం) మాత్రం హోమింగ్ కుదిరాకే.

ఇప్పుడు పైథాన్. పోర్టు తెరవగానే ఆర్డుయినో రీసెట్ అవుతుంది, రెండు సెకన్లు ఆగి, వచ్చిన స్వాగతం లైన్లు పారేసి అప్పుడు మొదలుపెట్టు. బాడ్ రేటు 115200. ఒక్కో ఆజ్ఞకు పోర్టు తెరిచి మూసేలా రాయొద్దు. తెరిచిన ప్రతిసారీ బోర్డు తానెక్కడుందో మరిచిపోతుంది. ఒక లైను పంపి, 'ఓకే' గానీ 'ఎర్రర్' గానీ వచ్చేదాకా చదువుతూ ఉండు. మధ్యలో వేరే సందేశాలూ రావచ్చు. ఎర్రర్ 9 అంటే అలారంలో తాళం పడి ఉంది, 22 అంటే ఫీడ్ (కోత వేగం) ఇవ్వలేదు.

అసలు మెలిక ఆ 'ఓకే'లో ఉంది. ఆజ్ఞ వరుసలో చేరిందని అది చెబుతుంది, కదలిక పూర్తయిందని కాదు. కదలికలు ముందే వరుసలో పేరుకుంటాయి కాబట్టి 'ఓకే' చూసి నువ్వు కెమెరా నొక్కావంటే మిషను ఇంకా దారిలోనే ఉంటుంది. ఆగాల్సిన చోట జీ4 పీ0.01 (ఒక్క క్షణం ఆగమనే ఆజ్ఞ) పంపు, వరుస ఖాళీ అయ్యాకే దానికి 'ఓకే' వస్తుంది. లేదా '?' పంపుతూ 'ఐడిల్' (ఖాళీగా ఉన్నాను) అని వచ్చేదాకా చూడు, సెకనుకు ఐదుసార్లకు మించొద్దు. ప్రతి ప్రోగ్రామూ జీ21 (మిల్లీమీటర్లు) జీ90 (మూలం నుంచి కొలత) జీ17 (ఎక్స్-వై తలం) జీ54 (మొదటి పని మూలం)తో మొదలవ్వాలి. నిన్న జీ91లో (ఉన్న చోటు నుంచి కొలత) వదిలేసిన సెషన్ మీద ఇవాళ్టి జీ0 ఎక్స్100 ఎటు పోతుందో ఊహించుకో.

'!' నొక్కితే మెల్లగా ఆగుతుంది, స్థానం పోదు. కంట్రోల్-ఎక్స్ కదులుతుండగా కొడితే స్థానం పోతుంది, మళ్లీ హోమింగ్ చెయ్యాలి. రెండూ యూఎస్‌బీ వైరు మీద ఆధారపడ్డవే. స్పిండిల్‌కూ మోటార్లకూ పవరు తెంపే ఎర్ర బటను వేరుగా బిగించు, అది లేకుండా కట్టరు పెట్టి నడపొద్దు.

అన్నీ కుదిరాక '$$' కొట్టి వచ్చిన అంకెలు ఫైలులో దాచు, వెర్షను మార్చినప్పుడు అవి చెరిగిపోవచ్చు. ఆ ఫైలు నాకోసారి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య