ఫ్రీమేసన్లు అంటే ఎవరు? నిజంగానే ప్రపంచాన్ని నడిపిస్తున్నారా? అందులో ఎలా చేరాలి?

యూట్యూబ్‌లో ఇల్యూమినాటి వీడియోలు చూసి అడుగుతున్నట్టున్నారు. నాకు దగ్గరగా తెలిసిన ఫ్రీమేసన్ మా మామగారు ఒక్కరే. ప్రపంచం సంగతేమో గానీ, మా ఇంట్లో టీవీ రిమోట్ కూడా ఆయన చేతిలో ఉండేది కాదు.

ఫ్రీమేసన్లంటే ఒక సోదర సంఘం సభ్యులు, వాళ్ల శాఖను లాడ్జి అంటారు. ఈ సంగతి తెలియక, పెళ్లైన కొత్తలో "మీ మామగారు లాడ్జికెళ్లారమ్మా" అని అత్తగారు తాపీగా చెప్తే నాకు నోట మాట రాలేదు. నెలకోసారి నల్ల సూటు వేసుకుని, చిన్న తోలు పెట్టె పట్టుకుని సికింద్రాబాద్‌లో మీటింగుకి వెళ్లేవారు. పెట్టెలో తెల్ల గ్లౌజులు, గొర్రెపిల్ల తోలుతో చేసిన ఏప్రన్.

ఏప్రన్ ఎందుకంటే, మేసన్ అంటే తాపీమేస్త్రీయే కదా. బ్రిటన్‌లో రాళ్లు చెక్కే మేస్త్రీల సంఘాల్లోకి 17వ శతాబ్దంలో ఉలి పట్టడం రాని పెద్దమనుషులు కూడా చేరడం మొదలైంది, దాంతో మూలమట్టం, కంపాస్ లాంటి పనిముట్లు నీతిపాఠాలకు గుర్తులుగా మారాయి. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు ఒక పబ్‌లో కలిసి గ్రాండ్ లాడ్జి (లాడ్జీలన్నిటికీ పైసంఘం) పెట్టుకున్నాయని వాళ్లు చెప్పుకుంటారు. 1723లో నియమావళి అచ్చయింది. ఈస్టిండియా కంపెనీ వాళ్లతో ఈ సంఘం కలకత్తా చేరింది. వివేకానందుడు సన్యాసం తీసుకోకముందు, 1884లో అక్కడి లాడ్జిలోనే చేరారు. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి మాత్రం 1961లో వచ్చింది. హైదరాబాద్‌లో తానీషా కాలం నాటి గోషామహల్ బారాదరిలో ఒక లాడ్జి ఉంది, లోపల ఏం జరుగుతుందో తెలియక జనం దాన్ని భూత్ బంగ్లా అనేవారు.

ఆ రహస్యం ఎంతంటే, అదంతా ఒక నాటకంలా ఉంటుందట, సంభాషణలు చూడకుండా అప్పజెప్పాలి. మీటింగుకి వారం ముందు నుంచీ మామగారు మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేసేవారు. "పుస్తకం ఇటివ్వండి, నేను చూసి తప్పులు చెప్తాను" అంటే ఇచ్చేవారు కాదు. ఒకసారి పక్కనుంచి తొంగిచూశాను, సగం మాటలకు మొదటి అక్షరాలే ఉన్నాయి, ఏం అర్థమవుతుంది!

చేరాలంటే మామూలుగా 21 ఏళ్లు నిండిన మగవాళ్లై ఉండాలి (ఆడవాళ్లకు కొన్ని దేశాల్లో వేరే లాడ్జీలున్నాయి), దేవుణ్ణి నమ్మాలి, ఏ దేవుడైనా సరే. అందుకే మన లాడ్జీల్లో గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి. లోపల మతం గురించి, రాజకీయాల గురించి వాదనలు కుదరవు. తెలిసిన సభ్యుణ్ణి మీరే అడగాలి, ఆయన ప్రతిపాదిస్తే మిగతావాళ్లు తెల్ల గోళీ, నల్ల గోళీ వేసి రహస్యంగా ఓటేస్తారు. ఆ తర్వాత మూడు మెట్లు, మూడోది దాటితే మాస్టర్ మేసన్.

వాట్సాప్‌లో ఎవరైనా "చేరితే కోట్లొస్తాయి, ముందు ఫీజు కట్టండి" అంటే మాట్లాడకుండా బ్లాక్ చేయండి. మా మామగారికి డబ్బు రావడం అటుంచి, ఏటా చందా, మీటింగయ్యాక భోజనాల ఖర్చు, కంటి శిబిరానికి విరాళం అన్నీ పెన్షన్‌లోంచే పోయేవి. ఆ లెక్క మా అత్తగారు ఇప్పటికీ తీస్తుంటారు.