నరం లేని నాలుకకు నాడులెన్ని?

సందేహం: మాట మార్చేవాళ్ళని మా అత్తగారు "నరం లేని నాలిక, ఎటైనా తిరుగుతాది" అంటారు. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి మొన్న "నాలుకకి బోలెడు నాడులున్నాయి నానమ్మా, నీ సామెత తప్పు" అన్నాడు. "నాడి సేతికుంటాది గానీ నాలిక్కుంటాదేట్రా?" అని ఆవిడ కొట్టిపారేశారు. నరం, నాడి ఒకటేనా? సామెత తప్పా? పుస్తకంలో 'నాడీ' అని దీర్ఘం ఎందుకు? (ఒక గృహిణి, ఆమదాలవలస)

సమాధానం: అమ్మా, మీ ఇంట్లో ఇద్దరి మాటా ఒప్పే. ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుకుంటున్నామనుకోవడంలోనే తిరకాసు ఉంది.

కిందటేడు జ్వరమొచ్చి విజయనగరంలో ఒక ఆసుపత్రిలో రెండు రోజులున్నాను. సెలైన్ పెట్టడానికొచ్చిన నర్సమ్మ నా ముంజేతిని అటూ ఇటూ తిప్పి, రెండు దెబ్బలు తట్టి, "నరం దొరకట్లేదు మాస్టారూ, పిడికిలి బిగించండి" అంది. ఎదుటి గది తలుపు మీద 'నరాల వైద్య నిపుణులు' అని బోర్డు. పక్క మంచం మీదాయన మెడ తిప్పలేక "నరం పట్టేసింది" అని మూలుగుతున్నాడు. నర్సమ్మ వెతుకుతున్నది సిర, అంటే గుండెకు తిరిగిపోయే రక్తం నడిచే రక్తనాళం. బోర్డు మీది డాక్టరు చూసేది మెదడూ, వెన్నుపామూ, వాటినుంచి బయల్దేరే నాడులూ. పక్కాయనకి పట్టేసింది మెడ కండరం. మూడు వేరు వేరు వస్తువులకి ఒకటే మాట. అయినా ఆ గదిలో ఎవరి మాటా ఎవరికీ అర్థం కాకపోలేదు. అదెలాగన్నది సూది దిగుతున్నప్పుడు కూడా నన్ను తొలుస్తూనే ఉంది.

మీరూ ఒకసారి చెయ్యి చాపి చూడండి. బొటనవేలి కొసా చిటికెనవేలి కొసా కలిపి మణికట్టు కాస్త లోపలికి వంచితే, మధ్యలో తాడులాంటిది ఒకటి పైకి లేస్తుంది. (కొందరికి పుట్టుకతోనే ఉండదు, కంగారు పడకండి.) అది కండరాన్ని కట్టి ఉంచే స్నాయువు. దాని పక్కన చర్మం కింద పచ్చగా పాకుతున్నవి సిరలు. బొటనవేలి వైపు వేలు ఆనిస్తే టకటకా కొట్టుకునేది ధమని, గుండె నుంచి రక్తం తెచ్చే రక్తనాళం. ఇక స్పర్శను మెదడుకు మోసుకుపోయే నాడి ఆ తాడు చాటునే ఉంటుంది, పైకి కనపడదు. బెత్తెడు మేరలో నాలుగు రకాలు. మన పెద్దలు నాలుగింటికీ కలిపి నరం అన్నారు. చర్మం కింద సాగే పోగు ఏదైనా వాళ్ళకి నరమే.

ఇది మన పల్లెటూళ్ళ అజ్ఞానం అనుకునేరు. నరం ద్రావిడ భాషల సొంత మాట. తమిళంలో నరంబు, కన్నడంలో నర, మలయాళంలో ఞరంబు. తమిళ నరంబుకు స్నాయువు, రక్తనాళం, నాడి అనే అర్థాలతో పాటు వాద్యానికి కట్టే తీగ అనే అర్థం కూడా ఉంది. అంటే బొబ్బిలి వీణకు బిగించే తంత్రిని కూడా ఆ మాటతోనే పిలవొచ్చు. గ్రీకుల 'న్యూరాన్' కథా ఇదే. దానికి మొదటి అర్థం స్నాయువు, వింటికి కట్టే నారి. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రేటస్ అనే వైద్యులు శవాల్ని కోసి చూసేదాకా స్నాయువునీ నాడినీ వాళ్ళూ సరిగా విడదీయలేదు. ఆ పాత మాటనే 1891లో వాల్డయర్ అనే జర్మన్ పండితుడు నాడీకణానికి పేరుగా పెట్టాడు. ఇవాళ మనిషి మెదడులో సుమారు 8,600 కోట్లున్నాయని లెక్కవేసే ఆ కణాలన్నిటి పేరూ నిజానికి వింటినారే.

నాడి సంగతి వేరు. అది సంస్కృతం నుంచి వచ్చింది. నడం అంటే రెల్లు, లోపల డొల్లగా ఉండే గడ్డి. దానినుంచి నాడి, నాళం. తామరతూడు కూడా నాళమే. కాబట్టి రక్తనాళంలోని నాళమూ, నాడీవ్యవస్థలోని నాడీ ఒక తల్లి పిల్లలు! వైద్యులు మణికట్టు పట్టుకుని చూసేది రక్తనాళం కొట్టుకోవడాన్ని గనక దాన్ని నాడి అన్నారు. మీ అత్తగారి నాడి ఇదే, ఆవిడ చెప్పినట్టు చేతికే ఉంటుంది. యోగశాస్త్రం వాళ్ళు 72,000 నాడులని చెప్పి ఇడ, పింగళ, సుషుమ్న అని పేర్లు పెట్టింది ప్రాణం సంచరించే దారులకి. ఇరవై నాలుగు నిమిషాల కాలానికి కూడా నాడి అనే పేరుంది. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్ళు ఇన్ని పనులున్న మాట నెత్తిన ఇంకో పని పెట్టారు. మీ అబ్బాయి చదివిన నాడి అది.

సరే, నరం తాడు, నాడి గొట్టం. నిజానికి ఆ వస్తువు తాడా, గొట్టమా? యూరపులో వందల ఏళ్ళు గొట్టం పక్షమే గెలిచింది. మెదడులోంచి ఏదో సూక్ష్మమైన వాయువు నాడుల వెంట పారి కండరాల్ని కదిలిస్తుందని నమ్మారు. 1791లో ఇటలీలో గాల్వానీ అనే శాస్త్రవేత్త చచ్చిన కప్ప కాళ్ళు విద్యుత్తు తగిలితే తన్నుకుంటాయని ప్రకటించాక, అందులో పోయేది గాలి కాదని తేలడం మొదలైంది. తర్వాత తేలిందేమిటంటే, ఒక్కో నాడి వేల పోగులు పేనిన తాడే గానీ, ఆ పోగుల్లో ఒక్కో పోగూ ద్రవం నిండిన సన్నని గొట్టమే. ఆ గొట్టం లోపల ద్రవం పారదు. దాని గోడ మీద సోడియం లోపలికి, పొటాషియం బయటికి తోసుకోవడం వల్ల పుట్టిన విద్యుత్తు అలలా సాగిపోతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి పోగు మీద దీన్ని లెక్కగట్టి చూపారు. సోడియం అంటే మన నౌపడ మళ్ళలో పండే ఉప్పులో సగభాగస్వామి. ముసలివాళ్ళకి ఒంట్లో సోడియం పడిపోయి మాట తడబడితే మన వైపు "ఉప్పు తగ్గిపోయింది" అంటారు చూడండి, అది నాటుమాటే గానీ తప్పుమాట కాదు.

ఇంతకీ పుస్తకాల్లో నరం ఉంచెయ్యకుండా నాడి ఎందుకు తెచ్చారు? ఒక కారణం సంస్కృతం మీద మోజు. కాదనలేం. రెండోది మాత్రం గట్టి కారణం. నరాన్ని సమాసంలో పెట్టి 'నరవ్యవస్థ', 'నరకణం' అని చూడండి. చదివినవాడు మనుషుల వ్యవస్థ, మనిషి కణం అనుకుంటాడు. నరబలి, నరలోకం చదివిన కన్ను అది. అందుకని నాడి వచ్చింది. దీర్ఘం సంగతి చిన్నదే. సంస్కృతంలో ఆ శబ్దం నాడీ. తెలుగులో ఒంటరిగా వాడితే చివర కుదించుకుంటుంది. నదీ నది అయినట్టు, గౌరీ గౌరి అయినట్టు. మరో సంస్కృత పదంతో సమాసమైతే మళ్ళీ దీర్ఘం వస్తుంది: నదీతీరం, గౌరీపతి, నాడీకణం, నాడీవ్యవస్థ. "డాక్టరు నాడి చూశాడు" దగ్గర దీర్ఘం అక్కర్లేదు. ఎన్నికలొస్తే పత్రికలు 'ఓటరు నాడీ' అని శీర్షికలు పెడతాయి, అక్కడా అక్కర్లేదు.

ఇప్పుడు ఆసుపత్రి గదికి వద్దాం. ఒకే మాటతో ముగ్గురం ఎలా నెట్టుకొచ్చాం? తెలుగువాడు ఆ తేడాని నామవాచకంలో పెట్టలేదు, క్రియలో పెట్టాడు. నరం ఉబ్బింది, పొంగింది, దొరకలేదు అంటే సిర. కణత దగ్గర నరం కొట్టుకుంటోంది అంటే ధమని. నరం పట్టేసింది, బెణికింది, నరం మీద నరం ఎక్కింది అంటే కండరమో స్నాయువో. నరం జివ్వుమంది, చచ్చుబడింది అంటే అసలైన నాడి. మోచెయ్యి లోపలివైపు ఎముక బల్లకి తగిలితే చిటికెనవేలిదాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది కదా, అక్కడ ఎముక వెనక గాడిలో నాడి చర్మానికి అతి దగ్గరగా పోతుంది. దాన్నెవరూ "నరం కొట్టుకుంది" అనరు. పిల్లలు కూడా తప్పు క్రియ వాడరు.

ఈ క్రియల సూక్ష్మం ఎంతదాకా పోయిందో చెబుతాను. మీ అత్తగారు దోసెలు పోస్తూ పెనం అంచు ముట్టుకున్నారనుకోండి. ముందు చెయ్యి వెనక్కొచ్చేస్తుంది. ఆ ఉత్తర్వు మెదడు ఇచ్చింది కాదు, చిటికెనవేలంత లావుండే వెన్నుపాము ఇచ్చింది. ఆ తర్వాతే "ఓలమ్మా" అంటారు. అప్పుడు చురుక్కుమంటుంది, కాస్సేపాగి మంట మొదలవుతుంది. చురుకు మోసే పోగులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో కబురు పంపుతాయి. మంట మోసేవి మరీ సన్నవి, సెకనుకు రెండు మీటర్లు దాటవు. శాస్త్రం ఒకటో నొప్పి, రెండో నొప్పి అని అంకెలు వేసుకుంది. మనకి రెండు మాటలు ఎప్పణ్ణుంచో ఉన్నాయి.

క్రియ కూడా ఆదుకోని చోట్లున్నాయి. కోతల్లో కొడవలి తగిలి "నరం తెగిపోయింది బాబూ" అని వస్తే డాక్టరుకి ఏమీ తెలియదు. రక్తం చిమ్ముతోందా, వేలు ముడుచుకోవట్లేదా, తిమ్మిరెక్కి స్పర్శ లేదా అని మూడూ అడిగి తెలుసుకోవాలి. అలాంటప్పుడు నరం అనెయ్యకుండా ఏం జరుగుతోందో చెప్పడమే నయం. పత్రికల్లో "మెదడులో నరాలు చిట్లి మృతి" అని రాస్తారు. చిట్లేది రక్తనాళం. అలాగే రాస్తే సరిపోతుంది. మాట్లాడేటప్పుడు ఫరవాలేదు, అచ్చులో పడితే మీ అబ్బాయిలాంటివాళ్ళు నాడులే చిట్లాయనుకుంటారు. ఇక ఊరి గోడల మీద కనిపించే 'నరాల బలహీనత' వేరే శాఖ. అక్కడ నరం అనేది మర్యాదకి కప్పిన తుండుగుడ్డ.

ఇక సామెత. అందులో క్రియ లేదు. 'లేని' అని తేల్చేశారు. కాబట్టి నాలుగర్థాలూ ఒక్కొక్కటే పెట్టి చూడాలి. నాడి అనుకుంటే మీ అబ్బాయే గెలుస్తాడు. మెదడునుంచి నేరుగా బయల్దేరే పన్నెండు జతల కపాలనాడుల్లో అయిదు జతలకి నాలుకతో పనుంది. కదలికకి పన్నెండోది, ముందుభాగం స్పర్శకి అయిదోది, అక్కడి రుచికి ఏడోది, వెనక భాగానికి తొమ్మిదోది, మొదట్లో కొంచెం పదోది. పక్షవాతం అనుమానముంటే డాక్టరు నాలుక బయట పెట్టమంటాడు, అది ఒక పక్కకి వాలుతుందేమో చూస్తాడు. సిర అనుకుంటే అద్దం ముందు నాలుక ఎత్తండి, అడుగున రెండు నీలిరంగు నరాలు కనిపిస్తాయి. ధమని కూడా ఉంది, లేకపోతే నాలుక కొరుక్కున్నప్పుడు అంత రక్తం రాదు. మిగిలింది స్నాయువు. నాలుక కండరాల ముద్ద, ఏనుగు తొండంలాంటిది. దాని కొసని ఏ ఎముకకీ కట్టలేదు. చేతివేలు ఒక వైపే ముడుచుకుంటుంది, వెనక్కి వంచితే తాడు ఆపుతుంది. నాలుకకి ఆ ఆపే తాడు లేదు. అందుకే ఎటైనా తిరుగుతుంది, ఏదైనా అంటుంది.

దీనికి సాక్ష్యం కూడా మన ఇళ్ళలోనే ఉంది. కొంతమంది పిల్లలకి నాలుక కింది పొర కొసదాకా అతుక్కుని ఉంటుంది. మాటలు ఆలస్యమైతే పెద్దవాళ్ళు ఏమంటారు? "నాలిక కింద నరం అడ్డుపడింది, మాట తిరగట్లేదు" అంటారు. నరం ఉంటే తిరగదు, లేకపోతే తిరుగుతుంది. సామెత చెప్పిన నరం ఇదే జాతిది. కాబట్టి మీ అత్తగారి సామెతకి ఢోకా లేదు, మీ అబ్బాయి పాఠానికీ లేదు. ఆవిడ చేతి నాడినీ, వాడు పుస్తకం నాడినీ సామెతలోకి లాక్కొచ్చారు, అంతే.

మీ ఉత్తరంలో మొదట 'నాలిక' అని రాసి, కొట్టేసి 'నాలుక' అని దిద్దారు. కొట్టెయ్యక్కర్లేదు. నాలిక, నాలుక, నాల్క మూడూ వాడుకలో ఉన్నవే. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు రామమూర్తి గారు నోట్లో ఉన్న మాటే కాగితం మీదకి రావాలని జీవితమంతా పోట్లాడారు. సవర భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియా పట్టుకుని, క్వినైను మింగీ మింగీ ఆయన వినికిడి పోగొట్టుకున్నారు. ఆ మందు ఎక్కువైతే లోచెవి దెబ్బతింటుంది. మన వైపు దానికీ "చెవి నరం పోయింది" అనే అంటారు.