తుపాన్ల పిచ్చి ఉన్న కుర్రాడిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచీ వాడికి వానలు, తుపాన్ల పిచ్చి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ కూర్చుంటాడు. ఊరి వాట్సాప్ గ్రూపులో ‘రేపు సాయంత్రం వాన’ అని పెడుతుంటాడు. మిచౌంగ్ తుపాను అప్పుడు వాడు ముందే చెప్పబట్టి కళ్లంలో ధాన్యానికి బరకాలు కప్పుకున్నాం, అది వేరే సంగతి. ఇప్పుడు వాతావరణ శాస్త్రమే చదువుతానంటున్నాడు. బంధువులేమో బీటెక్ ఏఐలో చేర్చమంటున్నారు. ఇకమీదట వాతావరణం కూడా ఏఐయే చెబుతుందట కదా! రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
– ఒక తండ్రి, బాపట్ల జిల్లా

జవాబు: అయ్యా, పోల్చి చెబుతాను. కానీ మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘అది వేరే సంగతి’ అన్నారు. ఎలా వేరవుతుంది? మిచౌంగ్ 2023 డిసెంబరు 5న మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మీవాడు పదో తరగతి. వాడి మాట నమ్మి మీరు బరకాలు కప్పారు, ధాన్యం దక్కింది. మీకు పనికొచ్చినప్పుడు జోస్యం, వాడు చదువుతానన్నప్పుడు పిచ్చి. కోపం తెచ్చుకోకండి, ఇది మీ ఒక్కరికే చెబుతున్న మాట కాదు. పాముల పుస్తకాలు చదివే పిల్ల తండ్రీ, పిట్టల ఫొటోలు తీసే పిల్లాడి తల్లీ ఇదే ప్రశ్న వేశారు. పైకి అడిగేది కోర్సు గురించి, లోపల ఉన్న భయం మాత్రం ‘పెళ్లిలో ఎవరైనా అడిగితే మావాడు ఏం చదువుతున్నాడని చెప్పాలి’ అని.

ఆ భయానికి ముందు జవాబిస్తాను. లెక్కలు, ఫిజిక్స్ వచ్చిన పిల్లవాడు మబ్బులు చూసినందుకు రోడ్డున పడడు. మన తెలుగువాడే పి.కోటేశ్వరం గారు, వర్షాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే గాలి ప్రవాహం గురించి 1958లో ప్రపంచానికి చెప్పారు. తర్వాత భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. అంత దూరం అందరూ వెళ్లరులెండి. ఇంకో దారీ ఉంది. ఆంధ్రలో వానల కబుర్లు చెప్పే సాయి ప్రణీత్ గురించి 2021 జూలైలో ప్రధాని మన్ కీ బాత్‌లో ప్రస్తావించారు. ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్, వాతావరణం అభిరుచి. మీవాడికి ఇదీ తప్పు కాదు.

వాడికి ఉన్నది తమాషా చూసే ఆసక్తా, చదువుకు పనికొచ్చే ఆసక్తా అన్నది తేల్చుకోవాలి. నా దగ్గరికి ఇలాంటి పిల్లలొస్తే నేను లెహర్ గురించి అడుగుతాను. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా కోస్తా మీదకి వస్తోందని హెచ్చరికలు వచ్చాయి. తీరా 28న మచిలీపట్నం దగ్గరికి చేరేసరికి వాయుగుండంగా చప్పబడిపోయింది. ఎందుకు? ‘యాప్‌లో రంగు తగ్గిపోయింది’ అంటే అది తమాషా. ‘పై గాలులూ కింది గాలులూ ఒక్కలా లేక తుపాను తల ఒకవైపు, మొండెం ఒకవైపు లాగబడింది, లోపలికి పొడిగాలి చేరింది’ అంటే వాడి బుర్రలో ఫిజిక్స్ పనిచేస్తున్నట్టు. మీరే అడిగి చూడండి. జవాబు మీకు అర్థం కాకపోయినా, వాడు చేతులు తిప్పుతూ చెప్పే తీరు చూస్తే తెలిసిపోతుంది.

ఇక బంధువులు చెప్పిన ఏఐ. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే నాకే అనుమానాలున్నాయి. ఏఐ వాతావరణం చెబుతోందన్నది అబద్ధం కాదు. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ పది రోజుల అంచనాను నిమిషం లోపు ఇచ్చి చూపించింది. యూరప్ వాతావరణ కేంద్రం 2025 ఫిబ్రవరి నుంచి తన ఏఐ మోడల్‌ను రోజువారీ పనిలో పెట్టింది. కానీ ఆ యంత్రం దేన్ని చూసి నేర్చుకుంది? సుమారు 40 ఏళ్ల వాతావరణ రికార్డును చూసి. ఆ రికార్డు ఉపగ్రహాలు, ఓడలు, బెలూన్ల కొలతలను ఫిజిక్స్ సూత్రాలతో కలిపి తయారుచేసింది. మన మచిలీపట్నంలో గాలిలోకి వదిలే బెలూన్ ఇచ్చే అంకెలు కూడా ఆ సముద్రంలో ఒక చుక్కే. పైగా ఈ ఏఐ మోడళ్లు తుపాను ఎటు వెళ్తుందో బాగానే పట్టుకుంటున్నా, ఎంత ముదురుతుందో చెప్పడంలో తడబడుతున్నాయి. అవి భూమిని గళ్లుగా విడగొట్టి లెక్కకడతాయి, ఒక్కో గడి వెడల్పు పాతిక కిలోమీటర్లకు పైనే. మీ ఊరి మీద ముప్పావుగంట కురిసి పోయే ఉరుముల వాన ఆ గడిలో ఎక్కడ కనపడుతుంది? ఆ లోటు పూడ్చాలంటే కోడింగూ రావాలి, గాలి సంగతీ తెలియాలి.

ఇంతకీ మీ బంధువులు చెప్పే బీటెక్ ఏఐలో ఇదంతా నేర్పుతారా? చాలా కాలేజీల్లో బ్రాంచి బోర్డు మారింది, పాఠం చెప్పే సారు మారలేదు. కొన్నేళ్ల కిందట ఒక తండ్రి అడిగితే నేనే ‘ఏఐ బ్రాంచి, కళ్లు మూసుకుని చేర్చండి’ అన్నాను. ఆ అమ్మాయి థర్డ్ ఇయర్‌లో వచ్చి కూర్చుంది. ల్యాబులో ఇప్పటిదాకా ఏ డేటా మీద పనిచేశావమ్మా అంటే, మునిగిపోయిన టైటానిక్ ఓడ ప్రయాణికుల జాబితా ఒక్కటే అంది. మూడేళ్లలో ఒక్కటే! అప్పటి నుంచి నేను ఎవరికీ కళ్లు మూసుకోమని చెప్పడం లేదు. మంచి కాలేజీలో సీఎస్‌ఈ వస్తే వద్దనను. బ్రాంచి పేరు చూసి మాత్రం డబ్బు కట్టకండి.

పోలిక దగ్గరికి వద్దాం. మీరు అనుకున్నంత పెద్ద కూడలి కాదిది. బీఎస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్‌తో చేస్తే విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలోనే వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. కొచ్చిన్ యూనివర్సిటీలోనూ మెటీరియాలజీ, అంటే వాతావరణ శాస్త్రం, ఉంది. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో సీటు వస్తే మరీ మంచిది, భూమి, వాతావరణాల విభాగం అక్కడే ఉంది. బీటెక్ ఏ బ్రాంచి చేసినా ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో వాతావరణ, సముద్ర శాస్త్రాల సెక్షన్ ఉంది, ఐఐటీల్లో ఎంటెక్ ఉంది. అంటే ఇప్పుడు బీటెక్‌లో చేరినా వాడి మబ్బులు ఎక్కడికీ పోవు. మీకు కాస్త ఊరట కలిగే మాట కదా ఇది?

ఊరట మాటున నిజం దాచను. ఉద్యోగాలు తక్కువ. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ 2017లో 1102, మళ్లీ 2022లో 990 భర్తీకి ప్రకటించింది. మధ్యలో ఐదేళ్లు. ఆ నోటిఫికేషన్ మీదే జీవితం పెట్టుకోకూడదు. వచ్చినా షిఫ్టు డ్యూటీలు, పండగపూట కూడా కొలతలు, తుపాను వస్తే అందరూ ఇంటికి పోతుంటే వీళ్లు ఆఫీసుకు. అయితే తలుపు అదొక్కటే కాదు. హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది, తిరుపతి దగ్గర గాదంకిలో రాడార్ పరిశోధన కేంద్రం ఉంది, వైమానిక దళంలో వాతావరణ విభాగం ఉంది, స్కైమెట్ లాంటి ప్రైవేటు కంపెనీలున్నాయి. అమెరికా ఎమ్మెస్ గురించి కూడా ఎవరో ఒకరు అంటారు. చదువుకి వెళ్లొచ్చు గానీ, అక్కడి ప్రభుత్వ వాతావరణ సర్వీసు ఉద్యోగాలు సాధారణంగా ఆ దేశ పౌరులకే.

వాట్సాప్ సంగతి ఒకటి. ‘భారీ వర్షం’ అన్న మాటకి వాతావరణ శాఖ దగ్గర లెక్క ఉంది, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరాలి. నోటికొచ్చినట్టు రాసే మాట కాదు. విపత్తుల నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జనం బెదిరిపోయేలా తప్పుడు హెచ్చరిక పుట్టించినా, పంపినా ఏడాది దాకా జైలు పడొచ్చు. తుపాను హెచ్చరికలు అధికారికంగా వచ్చినవే పంపమనండి. తన అంచనా నోటు పుస్తకంలో రాసుకోమనండి.

ఆ పుస్తకం విషయంలో మీకూ పని ఉంది. అడుగు చదునుగా, మూతీ అడుగూ ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బా ఒకటి తీసుకుని, చెట్లకీ గోడలకీ దూరంగా కళ్లం మధ్యలో పెట్టండి. రోజూ రాత్రి పడుకునే ముందు వాడు రేపు ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఫోన్ పక్కన పెట్టేయాలి, ఒంటిగంట దాకా కూర్చోవడం కుదరదు. పొద్దున ఎనిమిదిన్నరకి మీరు స్కేలు నిలబెట్టి కొలిచి, పక్కనే మీ చేత్తో రాయండి. వాతావరణ శాఖ కూడా వాన కొలిచేది ఆ వేళకే. కొలిచాక నీళ్లు పారబోయడం మర్చిపోకండి. పబ్లిక్ పరీక్షలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి, ఏ కాలేజీ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.