చనిపోయిన రోబోటిక్స్ పరిశోధకుల్లో మీకు బాగా గుర్తుండిపోయినవారు ఎవరు?

విక్టర్ షైన్‌మన్. రోబో చేతులు, అంటే ఆర్మ్‌లు, డిజైన్ చేసినాయన. 2016 సెప్టెంబరులో పోయారు. మన పేపర్లలో ఒక్క ముక్కయినా వచ్చిందేమో గానీ నా కంట పడలేదు. మనిషి ముఖం పెట్టి నమస్కారం పెట్టే రోబో చేసినవాళ్ళకైతే సగం పేజీ ఇస్తారు.

రోబోటిక్స్ పరీక్ష రాసిన మెకానికల్ వాళ్ళలో చాలామంది ఆయన చేసిన ఆర్మ్‌ని గీసే ఉంటారు. 'స్టాన్‌ఫర్డ్ ఆర్మ్‌కి డీహెచ్ టేబుల్ రాయండి', లేదంటే 'ప్యూమా 560కి ఇన్వర్స్ కైనమాటిక్స్ చేయండి'. మొదటిది జాయింట్ల కొలతల పట్టిక, రెండోది ఆర్మ్ చివర ఫలానా చోటికి చేరాలంటే ఏ జాయింటు ఎంత తిరగాలన్న లెక్క. ఆ రెండు ఆర్మ్‌లూ ఒకే మనిషి డిజైన్ నుంచి వచ్చాయని మాకు ఏ సారూ చెప్పలేదు. మార్కులు రావు కదా!

ఎంటెక్‌లో మా ల్యాబ్‌లో ఒక పాత ప్యూమా ఉండేది. దుప్పటి కప్పి, గదికి తాళం వేసి, ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వస్తేనే తీసేవారు. ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన జాలిపడి ఒక సాయంత్రం తాళం తీశారు. స్విచ్ వేయగానే కంట్రోలర్ ఫ్యాన్ల హోరు. ఆర్మ్ పవర్ నొక్కితే టక్కుమని బ్రేకులు వదిలిన చప్పుడు. క్యాలిబ్రేషన్ కమాండ్ ఇస్తే జాయింట్లన్నీ కొద్దికొద్దిగా కదిలి తామెక్కడున్నాయో చూసుకున్నాయి. 'రెడీ' అని కొడితే ఆర్మ్ నిటారుగా లేచి నిలబడింది. అక్కడి నుంచి చివరను తిన్నగా పక్కకు జరపమన్నాను. మణికట్టు ఒక్కసారిగా బొంగరంలా తిరగబోయి, ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. నా గుండె ఆగినంత పనైంది.

"ముందు మణికట్టు కాస్త వంచు బాబూ, అలా నిటారుగా ఉన్నప్పుడు అది వినదు" అన్నారాయన తాపీగా. ఆయన చదివింది ఐటీఐ. ఆ భంగిమలో నాలుగో ఇరుసు, ఆరో ఇరుసు ఒకే గీత మీదకొస్తాయి. ఇలా ఇరుసులు కలిసిపోయి ఆర్మ్ ఒక దిశలో కదల్లేకపోవడాన్నే సింగ్యులారిటీ అంటారు. దాని గురించి పుస్తకంలో ఎంత చదివినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

ఆ మణికట్టులోనే ఉంది షైన్‌మన్ గొప్పదనం. చివరి మూడు ఇరుసులూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. అందుకే చెయ్యి ఎక్కడికి పోవాలన్నది ఒక లెక్క, ఎటు తిరగాలన్నది ఇంకో లెక్కగా విడిపోతుంది. ఆ షరతును స్టాన్‌ఫర్డ్‌లోనే పీపర్ అనే పరిశోధకుడు 1968లో తన థీసిస్‌లో తేల్చారు. మరుసటి ఏడే షైన్‌మన్ దాన్ని స్టాన్‌ఫర్డ్ ఆర్మ్‌గా లోహంలో చేసి చూపించారు. అన్నీ కరెంటు మోటార్లే, నడిపేది కంప్యూటరు. అప్పటికి జనరల్ మోటార్స్ న్యూజెర్సీ ప్లాంటులో 1961 నుంచి పనిచేస్తున్న యూనిమేట్ రోబో హైడ్రాలిక్‌ది, అంటే ద్రవం ఒత్తిడితో కదిలేది, బరువు దాదాపు రెండు టన్నులు. ఈ ఆర్మ్ మాత్రం తడిమి చూసుకుంటూ ఫోర్డ్ మోడల్ టీ కారు వాటర్ పంపు బిగించింది. 1977లో షైన్‌మన్ తన కంపెనీ వికార్మ్‌ని యూనిమేట్ తయారుచేసే యూనిమేషన్ కంపెనీకి అమ్మారు. జనరల్ మోటార్స్ అండతో 1978లో ప్యూమా వచ్చింది. 1985లో కాలిఫోర్నియాలో ఒక రోగి మెదడు బయాప్సీకి సూదిని సరిగ్గా గురిపెట్టింది కూడా ప్యూమా 560యే.

ఇవాళ ఏ కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ ఆర్మ్ చూసినా, దాని మణికట్టు దగ్గర నాకు ఆయనే కనిపిస్తారు. కాదనేవాళ్ళు కామెంట్లలో రండి, మాట్లాడుకుందాం.

ఇప్పటి పిల్లలకు అంతా సిమ్యులేటరే. అందులో బ్రేకుల చప్పుడు రాదు, గుండె ఆగదు. రోబోటిక్స్ కోర్సంటే పైథాన్ కోర్సయిపోయింది. ఇంజనీరింగ్ చివరి ఏడాది దాకా ఒక్క మోటారైనా విప్పని కుర్రాళ్ళు నా దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తుంటారు, టార్క్ (మోటారు తిప్పే బలం) ఎంత అని అడిగితే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పేరు చెబుతారు.

మీ కాలేజీలో దుప్పటి కప్పిన ఆర్మ్ ఏదైనా ఉంటే హెచ్‌ఓడీ చుట్టూ తిరగకండి. పర్మిషన్ లెటర్ అంటారు, సెమిస్టర్ గడిచిపోతుంది. ల్యాబ్ అసిస్టెంట్‌ని అడగండి, అదీ సాయంత్రం నాలుగు దాటాక.