సింఫనీ బోర్డులో చేరే ముందు

అమ్మాయీ,

మీ ఊరి సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్లు నిన్ను బోర్డులోకి రమ్మన్నారని మీ నాన్న ఫోనులో సంబరంగా చెప్పాడు. సంతోషం. అమెరికాలో ఆర్కెస్ట్రాల జమాఖర్చులు చూస్తూ ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి కనుక, ఒప్పుకునే ముందు నాలుగు మాటలు విను.

ఇది జీతం లేని కొలువు. పైగా ఏటా నువ్వే విరాళం ఇవ్వాలి, లేదా ఇప్పించాలి. ఎంత ఇవ్వాలో ముందే అడుగు, మొహమాటపడకు. మన తెలుగు డాక్టర్ల ఇళ్లకు దారి చూపిస్తావన్న ఆశ కూడా వాళ్లకు ఉండవచ్చు. తప్పేమీ లేదు, కానీ ఆ సంగతి నీ ఎరుకలో ఉండాలి.

టికెట్లు అమ్మి ఆర్కెస్ట్రా బతకదు, హాలు నిండినా సరే. కారణం విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే చెప్పారు. కర్మాగారంలో ఏటికేడు తక్కువ మందితో ఎక్కువ సరుకు తీయవచ్చు. నలుగురు కలిసి వాయించే బీథోవెన్ క్వార్టెట్‌కు అప్పుడూ నలుగురే, ఇప్పుడూ నలుగురే. జీతాలు మాత్రం లోకంతోపాటు పెరగవలసిందే. కాబట్టి మొదటి సమావేశంలోనే "దీన్ని వ్యాపారంలా నడపాలి" అని ఉపన్యాసం ఇవ్వకు. కొత్తగా వచ్చిన ప్రతి కంపెనీ పెద్దమనిషీ అదే ఇస్తాడు.

టికెట్ల రాబడికీ ఖర్చుకూ మధ్య తేడాను పూడ్చేవి విరాళాలు, మూలనిధి (అసలు కదపకుండా మదుపు పెట్టి, ఏటా కొంత మాత్రమే వాడుకునే సొమ్ము). నువ్వు కళ్లు పెట్టవలసింది మూలనిధి మీద. దాని నుంచి ఏటా 5 శాతం అటూఇటూగా తీయడం మామూలు. ఎక్కువ తీసిన ఏడాది లెక్క సరిపోతుంది, తక్కువ తీసిన ఏడాది లోటు పడుతుంది. అంటే లోటు ఎప్పుడు కనబడాలో కొంతవరకు బోర్డు చేతిలోనే ఉంటుంది. మిన్నెసోటా ఆర్కెస్ట్రా కథ శ్రద్ధగా చదువు. 2009, 2010లలో జమాఖర్చులు సరిపోయాయి. అప్పుడు హాలు బాగుచేయించడానికి రాష్ట్ర ప్రభుత్వం సాయం కావాలి, కాబట్టి లెక్క బాగున్నట్టు కనబడాలి. 2011, 2012లలో లోటు. అప్పుడు వాద్యకారుల జీతాలు తగ్గించడానికి సాకు కావాలి. ఈ ఎత్తుగడ బోర్డు మినిట్స్‌లోనే ఉందని 2012లో స్థానిక పత్రిక బయటపెట్టింది. సుమారు 5 కోట్ల డాలర్లతో హాలు మెరిసింది. వాద్యకారులకు మాత్రం 2012 అక్టోబరు నుంచి 2014 ఆరంభం దాకా లాకౌట్, అంటే యాజమాన్యమే వాళ్లను పనిలోకి రానివ్వలేదు. మధ్యలో సంగీత దర్శకుడు ఓస్మో వాన్‌స్కా రాజీనామా చేశాడు. చివరికి 15 శాతం కోతతో రాజీ కుదిరాక ఆయన తిరిగి వచ్చాడు.

హాలుకు వచ్చిన డబ్బుతో జీతాలు ఇవ్వకూడదని అంటారు. నిజమే, దాత ఏ పనికి ఇస్తే ఆ పనికే వాడాలి. అందుకే అడిగేటప్పుడే జాగ్రత్త పడాలి. దాతకు గోడ మీద పేరు కావాలి; మన గుళ్లలో ట్యూబులైటు మీద దాత పేరు రాసి సగం వెలుతురు ఆపేసినట్టే ఇదీ. భవనానికి ఇస్తానన్న పెద్దమనిషిని వాద్యకారుల నిధికి కూడా ఎంతో కొంత ఇమ్మని అడిగే గొంతు బోర్డులో ఒక్కటైనా ఉండాలి. అది నీదైతే నాకు గర్వం.

సరే, ఇక పని. అయిదేళ్ల ఆడిట్ నివేదికలు తెప్పించుకో. మూలనిధి నుంచి ఏ ఏడాది ఎంత తీశారో విడిగా అడుగు. వాద్యకారుల సంఘంతో ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో కనుక్కో. గడువు ఏడాదిలోపే ఉంటే నిన్ను పిలిచింది సంగీతానికి కాదు, తగువుకు. ఒకటి రెండు రిహార్సల్స్‌కు వెళ్లి కూర్చో, విరామంలో వాద్యకారులతో మాట్లాడు. మేనేజరుకు చెప్పే వెళ్లు. వద్దంటే, ఎందుకు వద్దన్నాడో నాకు రాయి.

ఆడిట్ కాగితాలు అందగానే ఈమెయిల్‌లో పంపించు, చూసిపెడతాను. అప్పటిదాకా సంతకం చేయకు.

ఆశీస్సులతో,
పెదనాన్న