జబ్బుకు గడువు తెలియనప్పుడు డబ్బు లెక్క

ప్రశ్న: నా వయసు 41. పది నెలల క్రితం కోవిడ్ వచ్చి తగ్గింది గానీ నీరసం, ఆయాసం, మతిమరుపు నన్ను వదల్లేదు. ప్రస్తుతం జీతం లేని సెలవులో ఉన్నాను. విశ్రాంత జీవితానికి దాచుకున్న సొమ్ముతో ఇంటి అప్పు తీర్చేసి, వచ్చే నెల పూర్తి సమయం ఉద్యోగంలో చేరాలనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: ఆ రెండు పనులూ ఇప్పుడే చేయవద్దని నా సలహా. కోవిడ్ మొదలైన మూడు నెలల తర్వాత కూడా లక్షణాలు ఉండి, కనీసం రెండు నెలలు కొనసాగి, వాటికి మరో కారణం కనిపించకపోతే దాన్ని దీర్ఘకాలిక కోవిడ్‌గా గుర్తించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. ఇలాంటి జబ్బులో చాలామందికి శక్తికి మించి శ్రమించిన మరునాడో, ఆ మరునాడో నీరసం రెట్టింపవుతుంది. తొందరపడి చేరి మళ్లీ మంచాన పడితే జీతంతో పాటు ఉద్యోగం కూడా పోయే ప్రమాదం ఉంది.

మీరు పంపిన లెక్కను భాగాల్లో చూద్దాం. జబ్బుకు ముందు మీ దంపతుల నెల ఆదాయం 100 భాగాలైతే, అందులో మీ జీతం 45. మందులతో కలిపి ఇప్పటి ఖర్చు 85, వస్తున్నది 55, అంటే నెలకు 30 భాగాల లోటు. మీ చేతిలో ఉన్న 240 భాగాల నగదు ఈ లెక్కన ఎనిమిది నెలల్లో అయిపోతుంది. వైద్యులు అనుమతిస్తే సగం పూట పనికి, సగం జీతానికి మీ యాజమాన్యాన్ని ఒప్పించండి. అప్పుడు నెల లోటు ఎనిమిది భాగాలకు కాస్త దిగువకు వస్తుంది, అదే నగదు రెండున్నరేళ్లు నిలుస్తుంది. దానితో పాటు వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి అప్పు కాలవ్యవధిని పొడిగించమని అడగండి. మొత్తం వడ్డీ పెరిగే మాట నిజమే, అయినా నెలవారీ ఊపిరి దొరకడం మీకు ఇప్పుడు అంతకంటే విలువైనది. అప్పు కింద జమచేసిన సొమ్ము, రేపు మందులకు కావాలంటే తేలిగ్గా వెనక్కి రాదు.

ఆరోగ్య బీమా సాధారణంగా చికిత్స ఖర్చే ఇస్తుంది, పోయిన జీతాన్ని పూడ్చదు. కాబట్టి మీకు ఆదాయ రక్షణ పాలసీ (జబ్బుతో జీతం పోతే కొంత సొమ్ము ఇచ్చేది) గానీ, జీవిత బీమాలో ప్రీమియం మినహాయింపు (పని చేయలేని స్థితిలో ప్రీమియం కట్టనక్కర్లేని వెసులుబాటు) గానీ ఉందేమో పాత కాగితాలు తీసి చూడండి. డబ్బు మిగులుతుందని ఏ పాలసీనీ రద్దు చేసుకోవద్దు, ఈ జబ్బు నమోదయ్యాక కొత్తది దొరకడం కష్టం. రక్త పరీక్షలు మామూలుగా వచ్చే అవకాశం ఉంది గనుక క్లెయిములో మీ మాటకు బలం చాలకపోవచ్చు. అందుకే ప్రతిరోజూ ఎన్ని గంటలు పని చేయగలిగారు, మరునాడు ఎలా ఉన్నారు అన్నది తేదీతో రాసి, వైద్యుల నివేదికలతో కలిపి భద్రపరచండి.

మీకు తోడుండేందుకు మీ జీవిత భాగస్వామి కూడా పని గంటలు తగ్గించుకోవాల్సి వస్తే ఆ నష్టాన్ని కూడా ఈ లెక్కలో కలపండి, చాలా కుటుంబాలు మరిచిపోయేది ఇదే. మూడు నెలల పాటు సగం పూట పని చేసి మరునాడు కుప్పకూలకుండా ఉండగలిగితే మరో గంట పెంచండి. అప్పు ముందుగా తీర్చాలా వద్దా అన్న ప్రశ్నను అప్పుడు మళ్లీ చూద్దాం.