నీల్ దీవిలో ఉద్యోగం: నిదానమే, కానీ ఓడ వచ్చేదాకా

"చిన్న దీవిలో ఉద్యోగం వచ్చింది, అక్కడ పని నిజంగా తీరిగ్గా సాగుతుందా, బోర్ కొట్టదా?" అని అడిగారు. అండమాన్‌లోని నీల్‌లో ఒక రిసార్ట్‌లో రెండేళ్లు లెక్కలు చూశాను. 2018లో దాని పేరు షహీద్ ద్వీప్ అని మార్చారు గానీ అక్కడ అందరూ నీల్ అనే అంటారు.

తీరికే, కానీ ఓడ వచ్చేదాకా. ఓడ కనిపించిందంటే జెట్టీ మీద అందరికీ కాళ్లు పరుగులే. దిగే టూరిస్టులు, ఆటోవాళ్ల కేకలు, మా రిసార్ట్‌కి రావాల్సిన సరుకులు, ఇటు పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) ఎక్కాల్సిన కూరగాయల బస్తాలు. నీల్ కూరగాయలకు పేరున్న దీవి. అప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలే అడవి కొట్టి సాగులోకి తెచ్చాయి. మా పక్క పొలం దాదా (బెంగాలీలో అన్న) రాత్రే బెండకాయలు కోసి, తడి గోనె కప్పి, తెల్లారకముందే జెట్టీలో కూర్చునేవాడు. సముద్రం బాగోక ఓడ రద్దయితే మాత్రం ఆ బస్తా మీదే తల పెట్టి పడుకునేవాడు. మొదట్లో నాకే టెన్షన్, ఆయనకి లేదు.

వాడేది మన గడియారమే, కానీ దీవి బాగా తూర్పున ఉంది. ఐదు, ఐదున్నరకే తెల్లారుతుంది, డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే పొద్దు కుంకుతుంది. వీడియో కాల్‌లో అమ్మ "అప్పుడే చీకటేంట్రా" అనేది. శ్రీకాకుళంలో ఇంకా వెలుతురు. అందుకే పనులు పొద్దున్నే తెమిలిపోతాయి, మధ్యాహ్నం కొట్లు మూసి కునుకు తీస్తారు. రెండింటికి షాపు తలుపు కొట్టి తిట్లు తిన్నవాణ్ని నేను.

గైడ్లది ఇంకో లెక్క. లక్ష్మణ్‌పూర్ దగ్గరి రాతి వంతెన చూపించాలంటే సముద్రం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి ఉండాలి. పాటు సమయం రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, వాళ్ల డ్యూటీ కూడా దానితోనే జరుగుతుంది. మా రిసెప్షన్‌లో రూమ్ తాళాల పక్కనే పాటు, పోటుల పట్టిక అంటించి ఉండేది.

బోర్ కొడుతుంది, అబద్ధం చెప్పను. హిందీ వస్తే సగం బెంగ తీరుతుంది. తెలుగు వినాలనిపిస్తే పోర్ట్ బ్లెయిర్ వెళ్లినప్పుడు జంగ్లీఘాట్ వైపు తిరిగేవాణ్ని, మత్స్యకారుల నోట మన ఉత్తరాంధ్ర యాసే.

ఛార్జర్లు, మందులు రెండేసి తీసుకెళ్లండి. నా ల్యాప్‌టాప్ ఛార్జర్ పాడైతే కొత్తది చేరడానికి పదకొండు రోజులు పట్టింది, అన్నాళ్లూ లెక్కలు చేత్తోనే. విమానం ఉంటే కనీసం ఒకరోజు ముందే నీల్ నుంచి బయల్దేరండి. నేను ఒకసారి అలా చేయక, చెల్లి నిశ్చితార్థం జెట్టీలో కూర్చుని ఫోన్‌లో చూశాను.